తిప్పిపెట్టిన కొమ్మ

నా చిన్నప్పుడు ఫాల్గుణ పున్నమికి మా వీధివాళ్లమంతా కలిసి శేషాచలం కొండల్లోని ఒక తీర్థానికి నడిచి పోయేవాళ్లం. అందరికన్నా ముందు మా తాతయ్య ఉండేవాడు. దారి చీలిన చోటల్లా ఒక పచ్చి కొమ్మ విరిచి, పోవలసిన వైపుకు ఆకులుండేలా పడుకోబెట్టి, కదలకుండా పైన రాయి పెట్టేవాడు. వెనక మెల్లగా వచ్చేవాళ్లు దాన్ని చూసుకునే నడిచేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, మోకాళ్ల నొప్పులతో కూర్చుంటూ లేస్తూ పక్కింటి అవ్వ ఒక్కతే బాగా వెనకబడింది. నాకేం బుద్ధి పుట్టిందో, ఒక చీలిక దగ్గర ఆగి కొమ్మను రెండోవైపుకు తిప్పిపెట్టి, పైన మళ్లీ రాయి ఉంచాను. అవ్వ నాలుగడుగులు తప్పుదారిలో వేయగానే కేకేసి నవ్వాలని నా ఎత్తు. ఈలోగా కింద నీళ్ల చప్పుడు వినబడింది. పరుగెత్తాను. గుండంలో దిగాక అవ్వ సంగతే మరచిపోయాను.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పేదాకా అవ్వ రాలేదని ఎవరికీ తట్టలేదు. ఏ దారిలో వెతకాలో నాకొక్కదానికే తెలుసు. దెబ్బలకు భయపడి నోరు విప్పలేదు. అప్పటికే మేకల మంద తొక్కి కొమ్మలన్నీ చెదిరిపోయాయి. తాతయ్యావాళ్లు చీలికలన్నీ గాలించి, పొద్దు వాలేవేళకు ఆమెను తీసుకొచ్చారు. కాళ్లనిండా ముళ్లు. పెదవులు ఎండి పగిలాయి.

"కొమ్మ పెట్టినా గదా, సూడలేదా?" అని తాతయ్య కసురుకున్నాడు.

అవ్వ ఒకసారి నావైపు చూసింది. "నా కండ్లే సరిగా కనపడలేదు లేబ్బా" అంది. అందరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తిరుగుదారిలో నా భుజం పట్టుకుని నడుస్తూ, నాకొక్కదానికే వినబడేలా చెప్పింది. "మీ తాత రాయి కొమ్మ మొదలు మీద పెడతాడు, ఆకుల మీద కాదు. నా ముందర పోయింది నువ్వే గదా, సూడంగానే నువ్వు పెట్టిందని తెలిసిపాయ. దారి తెలియకుండా పాప పెడతాదా అని పోతిని."

తిట్టి ఉంటే బాగుండేది. మరుసటేడు "కండ్లు కనపడవు, నీకెందుకు ఈ కొండలు" అని ఆమెను ఇంట్లోనే ఉంచేశారు. గడపలో నిలబడి మమ్మల్ని సాగనంపింది. నిజం నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె కొండెక్కనే లేదు.

ఇప్పుడు మనవలతో తలకోనకు పోయినా, ఎవరెంత పిలిచినా, నేను అందరికన్నా వెనకబడిన మనిషి వెనకే నడుస్తాను. మా జేజిది ఎంత మంచి మనసో అంటారు పిల్లలు. మంచితనం కాదని చెప్పడానికి ఈ వయసులోనూ నాకు నోరు రావడం లేదు.