రాగిపొడి ఎనిమిదోసారి

ఆయనది కాలేజీ రసాయనశాలలో సీసాలు కడిగే పని. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని. అక్కడి పిల్లలంతా మావయ్యా అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది, పాడైపోయిన స్పీకరులోంచి పీకింది. భార్య గుండీ కుట్టబోతే సూది వెళ్లి జేబుకు అతుక్కునేది.

"చూశావా, నీ సూదికి కూడా నేనంటేనే ఇష్టం."

"అయితే రేపటి నుంచి వంట కూడా సూదినే చెయ్యమనండి."

ఆయన పోయి రెండు నెలలు. చొక్కా ఇంకా మేకుకే ఉంది, సూదితో సహా.

ఒక ఉదయం, ఆ రసాయనశాలలో పరిశోధన చేసే అమ్మాయి ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

"ఏమిటమ్మా, చెప్పడానికి నీళ్లు నములుతున్నావు?"

"రాగిపొడి గురించి అత్తయ్యా."

ఆ పొడి సంగతి ఆమెకు తెలుసు. అన్నం తింటూ ఆయన చెప్పేవారు. కంటికి ఆనని రాగి నలుసులు, నల్లటి ఇనుపపొడికి పట్టించి ఉంటాయట. రెండు మందులను కలిపి మూడోదాన్ని పుట్టిస్తాయి, తాము మాత్రం ఖర్చు కావు. "పెళ్లి జరిపించి, భోజనం కూడా చెయ్యకుండా బయటికొచ్చే పెద్దమనిషి" అని నవ్వేవారు. అయస్కాంతం చూపితే పొడి సీసా గోడకు చేరుతుంది. పైది వంపేసి, కడిగి, మళ్లీ వాడుకోవచ్చు.

"మావయ్య కడిగి ఇస్తే ఏడుసార్లు పనిచేసింది. మేం కడిగితే మూడోసారికే మొరాయిస్తోంది. మా పరిశోధన చూసే సార్ ఏమో..." అమ్మాయి తల దించుకుంది. "మావయ్య మధ్యలో కొత్త పొడి కలిపి ఉంటారంటున్నారు."

కాలేజీ పెన్సిలు ముక్క పొరపాటున జేబులో వచ్చిందని, వానలో వెనక్కి వెళ్లి ఇచ్చొచ్చిన మనిషాయన.

"కడిగాక మీరేం చేస్తారమ్మా దాన్ని?"

"వేడి పెట్టెలో ఆరబెడతాం."

"ఆరబెడతారా!"

ఆమె లేచి నిలబడింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లూ జరిగిన పోట్లాట అదొక్కటే. తిన్న గిన్నె ఎండితే ఆయన ఊరుకునేవారు కాదు. "ఆరితే మెతుకులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. తర్వాత మీ తాతొచ్చినా విడదీయలేడు" అంటూ పంపు తిప్పేవారు. చాదస్తం అనుకునేది తను.

"ఆయన ఆరనిచ్చే రకం కాదమ్మా."

"నిజమే అత్తయ్యా! ఏడుసార్లు వాడి ఆయన వదిలిన చిటికెడు పొడి స్పిరిట్‌లోనే మునిగి ఉంది. రేపు ఆరబెడదామనుకున్నాం. తూకాలు రాసిన పుస్తకంలో ఈ మాట ఎక్కడా రాయలేదేమిటి మరి?"

"రాయడం కంటే తిట్టడం అలవాటు ఆయనకు."

జేబు మీది సూది తీసి పక్కన పెట్టి, అయస్కాంతం పట్టుకుని ఆమె అమ్మాయి వెంట రసాయనశాలకు నడిచింది.

సార్ నమస్కారం పెట్టారు గాని మాట కలపలేదు. తడిపొడిని తడిగానే మందుల్లో వేశారు. ఆమె తన భర్త స్టూలు మీద కూర్చుంది. ఒక కాలు కింద అట్టముక్క ఇప్పటికీ అలాగే ఉంది. పని ముగిశాక అమ్మాయి పొడిని వేరుచేసి స్పిరిట్‌లో ఉంచింది. సాయంత్రానికి, తయారైన మందును తూచారు.

సార్ ఆమె భర్త తూకాలు రాసిన పుస్తకం తెరిచి, ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చారు. ఏడుసార్లలో ప్రతిసారీ తూకంలో పిసరంత తగ్గుదల. ఎనిమిదోసారీ తగ్గింది పిసరంతే.

"కొత్తది కలిపి ఉంటే ఎక్కడో ఒకచోట పెరిగేది," అన్నారు నెమ్మదిగా. "నేను తప్పుగా అన్నానమ్మా."

ఆమె స్టూలు మీంచి లేచి, తెచ్చిన అయస్కాంతాన్ని బల్ల మీద పెట్టింది.

"తొమ్మిదోసారికి మీరే కడుగుతారా?" అని సీసా ఆమె ముందుకు జరిపారు.

అయస్కాంతం ఆనించింది. నల్లటి పొడి చీమల బారులా గోడకు చేరింది. పైది వంపింది. చివరి చుక్క జారబోతుండగా చెయ్యి దానంతటదే సీసాను నిలబెట్టేసింది.

"స్పిరిట్ పొయ్యమ్మా," అంది అమ్మాయితో. "త్వరగా. ఆయనైతే ఈపాటికి అరిచేవారు."