ఏమైనా ఉంటేనే ఫోన్ చేస్తా

మా బోరబండ చర్చిలో నాకు పెద్ద పేరు. మందుల క్యాంపుకు పోయేవాళ్లలో ఐటీ ఉద్యోగం చేసేది నేనొక్కదాన్నే. రోగుల వివరాలు టాబ్లెట్లో ఎక్కించే చిన్న యాప్ కూడా నేనే తయారు చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మెచ్చుకునేవారు. నేనూ ఏదో ఊడబొడుస్తున్నాననే అనుకున్నాను.

నెలకో శనివారం వ్యాన్‌లో గోదావరి అవతలి కోయగూడేనికి పోయేవాళ్లం. పాస్టరుగారు ప్రార్థన చేసేవారు, మిషన్ ఆస్పత్రిలో రిటైరైన డాక్టరమ్మ చూసేవారు, నేను బడి వరండాలో కూర్చుని పేర్లు ఎక్కించేదాన్ని. రక్తం తీసి ఐస్ డబ్బాలో హైదరాబాద్ తెచ్చి ల్యాబులో ఇస్తే, రిపోర్టులు యాప్‌లో ఎక్కించిన ఫోన్ నంబరుకొచ్చేవి. నా యాప్ ఫోన్ నంబరు ఇవ్వనిదే ముందుకు కదలదు. అక్కడ చాలామందికి ఫోన్లే లేవు. ఆ రూలు పెట్టిన మహాతల్లిని నేనే కదా, ఫోన్ లేనివాళ్లందరికీ నా నంబరే కొట్టేశాను.

ఆ వేసవిలో ఒక అమ్మాయి వచ్చింది. తొలిచూలు, ఆరో నెల. డాక్టరమ్మ ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూశారు.

"రక్తం బాగా తక్కువున్నట్టుంది. రిపోర్టు రాగానే నాకు చూపించమ్మా, అవసరమైతే ఆస్పత్రిలో చేర్పిద్దాం" అన్నారు నాతో.

ఆ అమ్మాయి నా బల్ల దగ్గరే నిలబడిపోయింది. "నాకెట్ల తెలుస్తది అక్కా?"

"ఏమైనా ఉంటేనే ఫోన్ చేస్తా. మీ గూడెం ఆశా అక్కకు చేస్తే ఆమె వచ్చి చెప్తది. ఫోన్ రాలేదంటే ఏం లేనట్టే, జర నిమ్మలంగ ఉండు" అన్నాను.

మాదాపూర్‌లో మా ఆఫీసు పద్ధతి అది. సమస్య ఉంటేనే మెయిల్ పెట్టు, లేకపోతే మమ్మల్ని సతాయించకు. పదేళ్లుగా అదే అలవాటు. ఆ మాట అక్కడ అనకూడదని నాకు తట్టనే లేదు.

రిపోర్టులు బుధవారమే వచ్చాయి. ఆ వారం మా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు. మేనేజరు నెత్తిన కూర్చున్నాడు, ఫోను ఒకటే మోగుతోంది. వరసగా వస్తున్న ల్యాబు ఫైళ్లు చూసి, తీరిగ్గా చూద్దాంలే అని ఆ శబ్దం ఆపేశాను. ఆ తీరిక రాలేదు. రెండు వారాలు క్యాబులో నిద్రపోతూ పోయాను, నిద్రపోతూ వచ్చాను. నా బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను.

తర్వాతి క్యాంపుకు లిస్టు తీస్తుంటే గుర్తొచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీ పక్కన పెట్టి ఒక్కొక్క ఫైలే తెరిచాను. ఆ అమ్మాయి రిపోర్టులో ఎర్రటి అక్షరాలు. కింద, వెంటనే డాక్టరును కలవాలని ఉంది. అక్కణ్నుంచే ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను.

"ఆ పిల్లనా మేడం?" అందామె. "తునికాకు కోతకు పోయి అడవిల పడిపోయింది. మంచం మీద మోసుకొచ్చి ఆస్పత్రిల చేర్చినం. తల్లి బతికింది. కడుపుల బిడ్డే దక్కలే. నాలుగు దినాలాయె."

రిపోర్టు నా చేతిలో పదిహేను రోజులకు పైగా ఉంది. చుట్టూ జనం బిర్యానీలు తింటున్నారు, నవ్వుకుంటున్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

క్యాంపుకు పోతూ వ్యాన్‌లో డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "ఆ అమ్మాయికి కూడా నువ్వే చెప్పు. అది ఆమెకు తెలియాలి" అన్నారు. సరేనన్నాను. దారిపొడుగునా ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను.

ఆ అమ్మాయి వరసలో నిలబడి తన వంతు వచ్చాకే నా ముందుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. నేను నోరు తెరిచేలోపే తను అంది.

"నువ్వు ఫోన్ చెయ్యలే గదక్కా, రక్తం మంచిగున్నదే అనుకున్న. మా అత్త వద్దన్నా ఇనకుంట ఆకు కోతకు పోయిన. తప్పు నాదే. అందరూ గదే అంటున్నరు."

నిజం నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట చెబితే ఆమె నెత్తిన ఉన్న నింద దిగిపోయేది.

"రిపోర్టే ఆలస్యంగా వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. "బాధపడకక్కా, నువ్వు మాత్రం ఏం జేస్తవ్" అంది.