ఒంటిపుల్ల వుకోమాన్

వుకోమాన్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. చలికాలం మొత్తానికి ఒక్కటే అగ్గిపుల్ల గీయాలి. నవంబరులో మిత్రోవ్‌దాన్ పండుగనాడు ఇనప్పొయ్యి అంటిస్తే, మే నెల జుర్జెవ్‌దాన్ పండుగ దాకా అది ఆరకూడదు. పగలైతే ఎవరైనా కాపాడతారు, పొయ్యి ప్రాణం పోయేది రాత్రిపూటే. అందుకని ఊళ్ళో అందరూ పిల్లల్ని నిద్రపుచ్చి పడుకుంటే, ఆయన నిప్పును నిద్రపుచ్చి పడుకునేవాడు.

ఆ తంతు చూసి తీరాలి. నిప్పులన్నీ పొయ్యి మూతి దగ్గరికి లాగేవాడు. వాటి వెనక మొద్దుల్ని చీమ దూరే సందు లేకుండా పేర్చేవాడు. ఇరవై నిమిషాలు భగభగా మండనిచ్చి, గోరంత సందు మిగిల్చి గాలితలుపు మూసేవాడు. ఆ తర్వాత మీసం మీద వేలు పెట్టుకుని, గదంతటికీ వినబడేలా "ష్!" అనేవాడు.

"ముగ్గుర్ని కన్నాను. ఒక్కనాడైనా ఇలా జోకొట్టావా?" అనేది భార్య పెర్సా.

"పిల్లలు రాత్రిపూట ఆరిపోరు కదే!"

తెల్లవారుజామున కోడి ఇంకా ఆలోచిస్తుండగానే ఈయన కేక వినబడేది. "పెర్సా! తొమ్మిది గంటల పది నిమిషాలు నిలిచింది!"

"నేనూ బతికే ఉన్నాను. ఆ సంగతీ ఓసారి చూసి చెప్పు."

"నీకేమే, నువ్వు ఆరే రకం కాదు."

ఆ ఇంట్లో సబ్బు నిలిచేది కాదు. ఎండిన ఓక్ కర్రకి ఒక కొసన సబ్బు రాసి రెండో కొసన ఊదితే బుడగలు వస్తాయనీ, పచ్చికర్రయితే రావనీ ఆయన సిద్ధాంతం. ఇంటికొచ్చిన వాళ్ళకి పెర్సా ఆచారం ప్రకారం చెంచాడు పళ్ళపాకం, గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చేది. ఆ వెంటనే ఈయన ఓ కర్ర ఇచ్చేవాడు. ఇల్లు దీవించడానికొచ్చిన ఫాదర్‌ని కూడా వదల్లేదు. పాపం, ఆయన బుగ్గలు బ్యాండుమేళం వాడిలా ఉబ్బించి ఊదీ ఊదీ గోడకి చేరగిలబడ్డాడు.

"బుడగ వచ్చింది ఫాదర్! మీ దీవెన పట్టింది!"

"నాయనా, వచ్చింది బుడగ కాదు, నా ప్రాణం," అన్నాడు ఫాదర్.

ఇంత చేసినా పదకొండు చలికాలాలు వరసగా ఓడిపోయాడు. ప్రతిసారీ తప్పు పెర్సాదే. ఓ ఏడాది రొట్టె ఎక్కువసేపు కాల్చింది. ఓ ఏడాది పొయ్యి దగ్గర తుమ్మింది. పన్నెండో ఏడు, పెళ్ళినాడు తనకి సాక్షిగా నిలబడ్డ తిహోమిర్‌తో పందెం కాశాడు. జుర్జెవ్‌దాన్ దాకా నిప్పు నిలిస్తే తిహోమిర్ గంట కట్టిన పొట్టేలు ఈయనది. ఆరితే ఈయన మీసం తిహోమిర్‌ది. ఆ మీసం మామూలుది కాదు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో పెర్సా ఆయన పైపెదవి చూసి ఎరగదు.

ఏప్రిల్ చివరికొచ్చింది. పండుగ ఇంకా తొమ్మిది రోజులుందనగా రాత్రంతా మంచు కురిసింది. తెల్లారింది. కేక వినబడలేదు. పెర్సా ఉలిక్కిపడి లేచింది. పొయ్యి చల్లగా, నున్నగా, కడిగిన కంచంలా ఉంది. వుకోమాన్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఏమైందయ్యా?"

"నిద్రపట్టేసింది."

"నేను తుమ్మానా?"

"లేదు. తప్పు నాదే."

అప్పుడు భయం వేసింది పెర్సాకి. నలభై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు. పైగా ఆయన బూట్లు మోకాలి దాకా తడిసి ఉన్నాయి.

మధ్యాహ్నానికి తిహోమిర్ గొర్రెబొచ్చు కత్తెరతో దిగాడు.

"చివరి కోరిక ఏమన్నా ఉందా బావా?"

"ఎడమపక్క ముందు కానియ్," అన్నాడు వుకోమాన్.

మీసం పోయాక మొహం ఒలిచిన కోడిగుడ్డులా తేలింది. కుక్క మొరిగింది.

ఆ సాయంత్రం పక్కింటి కోసానా ఖాళీ నిప్పుల బకెట్టు తెచ్చింది. వుకోమాన్ మొహం చూసి గుమ్మంలోనే గొల్లుమంది.

"అయ్యో వదినా, అన్న మీసం! చెప్పద్దని ఒట్టేయించుకున్నాడు. ఇంక నావల్ల కాదు!"

ముందురోజే ఆమె కోడలు ఐదు రోజుల ఆడపిల్లతో ఆసుపత్రి నుంచి వచ్చింది. కట్టెలు మంచుకి తడిశాయి, అర్ధరాత్రికల్లా పొయ్యి ఆరింది, గది నిండా పొగే. నాలుగు చితుకులు అడుగుదామని కోసానా వచ్చింది.

"పొయ్యిలో నిప్పంతా బకెట్టులోకి ఊడ్చి మోసుకొచ్చాడు వదినా! రెండు నిప్పులుంచుకో అన్నా అంటే, పసిదానికి అరకొర వెచ్చదనమేమిటే అని కసిరాడు."

"మరి నీ పొయ్యి రాజుకున్నాక ఓ నిప్పు తిరిగివ్వలేకపోయావా?"

కోసానా శిలువ గుర్తు వేసుకుంది. "పురిటిల్లు వదినా! నలభై రోజులు నిప్పు గడప దాటకూడదు. అన్నకి తెలియదా? తెలిసే ఇచ్చాడు. పుట్టగానే పక్కింటి నిప్పు ఆర్పిందని ఊరు పిల్లని ఆడిపోసుకుంటుందట. అందుకే ఎవరికీ చెప్పద్దన్నాడు."

పెర్సా పెరట్లోకి వెళ్ళింది. ఆయన మొద్దుల్ని తట్టి చూస్తున్నాడు.

"నిద్రపట్టేసిందా?"

"ఆఁ."

"బూట్లేసుకునే పడుకున్నావా?"

వుకోమాన్ పైపెదవి తడుముకుని, ఏమీ దొరక్క చెయ్యి దింపేశాడు. ఆ రాత్రి పెర్సా తనే అగ్గిపుల్ల గీసి పొయ్యి ముట్టించింది. ఎవరినీ అడక్కుండా పెద్ద రొట్టె కాల్చింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు.

జూన్ మొదట్లో నలభై రోజులు నిండాయి. కోడలు చర్చి నుంచి వస్తూ నిద్రపోతున్న పిల్లతో వాకిట్లో ఆగింది. వెనక కోసానా, చేతిలో మూతపెట్టిన బకెట్టు. ఆ వెనక తల గోక్కుంటూ తిహోమిర్, ఆయన చేతిలో పొట్టేలు తాడు.

"అన్నా, ఆరనివ్వలేదు. ఇది నీ మిత్రోవ్‌దాన్ పుల్ల నిప్పే," అంది కోసానా.

"మీసం మళ్ళీ అంటించలేను బావా. ఇది తీసుకో," అన్నాడు తిహోమిర్.

వుకోమాన్ పొట్టేలు వంక చూడనైనా లేదు. బకెట్టు మూత ఎత్తాడు. "రాత్రి ఎన్ని గంటలు నిలిచింది?"

"గంటలా! రెండు గంటలకోసారి ఈ పిల్ల అందర్నీ లేపుతుంటే, ఇంక పొయ్యికి నిద్రెక్కడిది?"

"అయితే చెల్లదు! మధ్యలో కట్టె వేస్తే..." అని గొంతు పెంచబోయి, పిల్ల కదలడం చూసి, మొలుస్తున్న మీసం మీద వేలు పెట్టుకుని మెల్లిగా "ష్!" అన్నాడు.

పెర్సా జూన్ ఎండలో చెమట తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, పొయ్యి తలుపు తెరిచి పెట్టి, సబ్బు దాచేసింది.