ఖర్జూరం డబ్బాలో వారసత్వం

తండ్రికి కొడుకులు ఎక్కువైతే చైనాలో కత్తులు బయటికి వస్తాయని, సౌదీకి ఇంటిపనికి వచ్చాక, నాకు తబూక్‌లో తెలిసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పెద్ద మేడం చైనా చక్రవర్తుల సీరియల్ పెట్టుకునేది. నేనూ, నాతో పనిచేసే గోదావరి జిల్లా అక్కా కింద కూర్చుని కొత్తిమీర బాగుచేసేవాళ్లం. తెర మీద పడే అరబ్బీ అక్షరాలు మాకు రావు కాబట్టి మేడమే కథ చెప్పేది. అన్న తమ్ముణ్ని చంపించాడనీ, తండ్రి కొడుకును గొలుసులతో కట్టించాడనీ ఆమె మామూలుగా చెప్పుకుపోతుంటే నా చేతిలో కట్ట చేతిలోనే ఉండిపోయేది. మాది కడప దగ్గర బజారు వీధి. నాన్నది కిరాణా కొట్టు, అటూ ఇటూ చిన్నాన్నలవి. పెద్దకొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, మిగతావాళ్లు లోపల గొణుక్కుంటూ పొట్లాలు కడతారు. పెద్దవాడికి హక్కే లేని రాజ్యం ఒకటుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ కొట్లాటలు చూసి విసిగిన ఒక చక్రవర్తి, వారసుడి పేరు కాగితం మీద రాసి, పెట్టెలో పెట్టి, సింహాసనం పైనున్న పెద్ద పలక వెనక దాచాడట. ఇంకో కాగితం తన దగ్గరే. ఆయన పోయాక రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇన్నేళ్లూ ఆ పలక కిందే తిరుగుతూ ఒక్క కొడుకూ నిచ్చెన వేయలేదా అని అడిగాను. మేడం నన్ను అదోలా చూసింది.

మా వంటింటి పెద్ద, కేరళ ముసలామె, పని మానేసి ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోబోతోంది. ఆమె చేతిలోని తాళాలు నాకా అక్కకా అన్నది తేలాలి. తాళాలున్న మనిషికి ఏటా సెలవు, మిగతావాళ్లకు రెండేళ్లకోసారి. మేమిద్దరం పోయినేడే ఊరెళ్లి వచ్చాం. నా కూతురికేమో రంజాన్ వెళ్లిన నెలలో మొదటి కానుపు. పక్కనుంటానని మాట ఇచ్చేశాను.

మేడం సీరియల్ మీద ముచ్చటతో పేరు రాసి, ఖాళీ ఖర్జూరం డబ్బాలో వేసి, హాల్లో అద్దాల బీరువా మీద పెట్టింది. రెండో కాగితం హ్యాండ్‌బ్యాగులో. ముసలామె వెళ్లే రోజు తీస్తానంది.

మూడో రోజు హాల్లో దుమ్ము తుడిచే వంతు నాది. నిచ్చెన అక్కర్లేదు, కుర్చీ చాలింది. చదవడం రాకపోతేనేం, ఇక్కడ ఉండడానికిచ్చిన నా ఇఖామా కార్డు మీద నా పేరు అరబ్బీలో ఉంది కదా. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో గీతా పోల్చాను. ఒక్కటీ కలవలేదు. కాగితం మడిచి, మూత పెట్టి కుర్చీ దిగాను. ఉన్నది ఇద్దరం. నాది కాకపోతే అక్కదే.

దాంతో నాలోని కొట్టుపిల్ల నిద్రలేచింది. ఆ సాయంత్రమే, ఏమీ ఎరగని ముఖం పెట్టుకుని అక్క దగ్గర కదిపాను.

"తాళాలొచ్చినోళ్లకు పెత్తనం చాల్లే అక్కా. రానోళ్లకు ఈ ఏడు సెలవు ఇడిసిపెట్టాల. ఏమంటావు?"

"నీకే వస్తేనో? నువ్వుండిపోతావా?"

"ఉంటా. మాటంటే మాటే."

అక్క కాసేపు ఆలోచించి సరేనంది. సంతలో అడిగిన ధర ఇచ్చి వచ్చే మనిషి. నాకు జాలి కూడా వేసింది. సాక్షి లేని బేరం బేరం కాదని, ఇద్దరం వెళ్లి మేడం చేత కూడా ఒప్పించాను.

ముసలామె ప్రయాణం రోజు ఉదయం మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మనవరాలితో చదివించింది. ఆ పిల్ల చదివింది ఈ ఇంట్లో నన్ను పిలిచే పేరు.

నా అసలు పేరు వీళ్ల నోరు తిరగలేదు. నాకంటే ముందు పనిచేసిన ఎవరో ఇండోనేషియా మనిషి పేరు, వచ్చిన రోజే నాకు తగిలించారు. ఆరేళ్లుగా దానికే పలుకుతున్నాను. గద్దెనెక్కిన చక్రవర్తి పాత పేరు ఇక ఎవరూ పలకకూడదని మేడం చెప్పినప్పుడు నవ్విన మనిషిని, కుర్చీ మీద నిలబడి కార్డు మీది పేరు వెతికాను.

మేడం తాళాలు నా చేతిలో పెట్టింది. నేను గుత్తిని తిప్పి తిప్పి చూస్తున్నాను. సంతోషమనుకుంది. అక్క నా వైపే చూస్తోంది.

"మాటంటే మాటే అన్నావు కదమ్మా," అంది. ఎగతాళిగా కాదు, భయంగా.

బేరం తిరగేయడానికి ఏ సాకు వెతికినా అది నేను తెరిచిన డబ్బా మూత దగ్గరికే వచ్చి ఆగుతోంది. అన్నానని ఒప్పుకున్నాను.

మర్నాడు కూతురికి ఫోన్ చేశాను. మీ మేడం మంచిదే కదా, అడిగి చూడలేవా అంది. అడిగి ఒప్పించింది నేనేనని, జరిగినదంతా చెప్పాను.

"ఆ బ్యారం పెట్టింది ఎవరు మా?"

"నేనే," అన్నాను. "పక్కాగా పెట్టినా."