నాలుగో మడత

మొన్న ఉగాది వెళ్లిన వారంలో మా మనవరాలు కడపలో యూనివర్సిటీ హాస్టల్ నుంచి కర్నూలుకు వచ్చి, భుజం మీది బ్యాగు ఇంకా దించకుండానే, నాలుగు కాగితాలు నా ఒళ్లో పడేసి వాటిని మడిచి కవర్లలో పెట్టమని పని పురమాయించింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడు చదువుతోంది; ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు ఏదైనా ల్యాబులో పని దొరికితే ముందు ముందు పనికొస్తుందని, మెయిలు పెడితే చూడని పాతకాలం కంపెనీలకు కాగితాలే పంపాలని స్నేహితురాళ్లెవరో చెప్పారట. ముసలివాడికి ఇంతకన్నా తేలిక పని ఏముంటుందనుకుంది కాబోలు. నేను మొదటి కాగితం తీసుకుని ఒక మడత పెట్టాను, రెండో మడత పెట్టాను, మూడోది పెట్టాను, అక్కడ ఆగిపోయాను. "ఏం జేజినాయనా, కాగితం మడిచేది కూడా రాదా నీకు?" అని నవ్వింది. రాకపోవడమా! ఒకప్పుడు రెండు జిల్లాల్లో నా అంత పొందికగా కాగితం మడిచినవాడు లేడు. ఆ సంగతి దానికి చెప్పలేదు, నాతో ఇన్నేళ్లు కాపురం చేసిన మా ఇంటావిడకూ చెప్పలేదు. మన ఈడువాళ్లకైతే ఆ రోజులు తెలుసు కాబట్టి ఈ పత్రికలో చెప్పుకుంటున్నాను, మెచ్చుకోవడానికి మాత్రం ఇందులో ఏమీ లేదు.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం కర్నూలులో ఒక నూనె మిల్లు యజమాని దగ్గర చీటీలు రాసే గుమస్తాగిరి. ఆయన్ను అందరం పెద్దాయన అనేవాళ్లం. మిల్లు పని కన్నా ఆయనకు మాటసాయం పని ఎక్కువ. పొద్దున ఆరు గంటలకే వరండా నిండిపోయేది, ఆస్పత్రిలో మంచం కావాలనేవాళ్లు, కొడుకును కాలేజీలో చేర్పించమనేవాళ్లు, బదిలీ ఆపించమనేవాళ్లు, కాళ్లకు దండం పెట్టి ఏమీ అడగకుండా నిలబడేవాళ్లు. పెద్దాయనకు కాదు అనే మాట నోట వచ్చేది కాదు. అందరికీ చీటీ ఇప్పించేవాడు, అదే కాగితం, అవే తియ్యటి మాటలు, అదే సంతకం. మరి అందరి పనీ అయ్యేదెట్లా అంటారా, దానికొక ఏర్పాటు ఉండేది. నాకు ముందున్న ముసలి గుమస్తా నాకు పని అప్పజెప్పి వెళ్లే రోజున తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పాడు: మూడు మడతలు పెట్టిన చీటీ అయితే అందుకున్నవాళ్లు పని చేసిపెట్టాలి, నాలుగు మడతలు పెట్టినదైతే తెచ్చినవాడికి ఒక లోటా మజ్జిగ ఇచ్చి, వచ్చే వారం రమ్మని సాగనంపాలి. పెద్దాయన "పని అయ్యేట్టు చూడప్పా" అంటే మూడు, వట్టి "చీటీ రాసియ్యప్పా" అంటే నాలుగు. కర్నూలు నుంచి కడప దాకా ఆయన మాట చెల్లే ప్రతి చోటా ఈ సంగతి తెలుసు, చీటీ పట్టుకుని తిరిగేవాళ్లకు తప్ప. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇంత గుట్టు నా చేతుల్లో ఉందని లోలోపల ఎంత పొంగిపోయేవాణ్ణో చెప్పలేను.

మాది ఆత్మకూరు దాటాక నల్లమల అంచున ఒక పల్లె. మాకు పొలాలుండేవి. ఊరి చివర చర్చి చుట్టూ ఉన్న పేటలో ఒకామె మా చేలో కూలీలందరికీ ముందు నడిచేది, కలుపైనా కోతైనా ఆమె పట్టిన సాలు వెంటే మిగతా వాళ్లు వచ్చేవారు. నాకు పదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి అందరూ ఆశ వదులుకున్న రోజుల్లో ఆమె మూడు దినాలు ఉపవాసముండి చర్చిలో నా కోసం ప్రార్థన చేయించిందని మా అమ్మ చెప్పేది. ఆమె కొడుకు నాకంటే మూడేళ్లు చిన్నవాడు, మా ఊరి నుంచి యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాడు, తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. నాకు డిగ్రీలో సెకండ్ క్లాసు కూడా రాలేదు. ఆ సంగతి మా నాయన నేను అన్నం తినేటప్పుడే గుర్తు చేసేవాడు.

ఆ ఏడు ఏప్రిల్‌లో అతను నన్ను వెతుక్కుంటూ మిల్లుకు వచ్చాడు. శీతాకాలంలో తండ్రికి పక్షవాతం వచ్చింది, తల్లి ఒక్కదాని కూలితో ఇల్లు నడవడమే కష్టంగా ఉంది, సెలవుల్లో తను సంపాదిస్తే తప్ప రెండో ఏడు హాస్టల్లో చేరలేడు. "రెండు నెల్లు యాడన్నా పని దొరికితే శాలన్నా, దొరక్కపోతే మళ్ల తిరుపతికి పోయేది ఉండదు," అన్నాడు. నాకు జాలి వేసింది, అది అబద్ధం కాదు. లోపలికి పోయి పెద్దాయనకు చెప్పాను. ఆయన ఆ పొద్దు మంచి హుషారుగా ఉండి, కళ్లద్దాలు పైకి తోసి, "చదువుకునే పిల్లోడు గదా, కడప కాడ మనోళ్ల ముగ్గురాయి మిల్లులో ల్యాబుండాది, ఆడికి రాయి. పని అయ్యేట్టు చూడప్పా," అన్నాడు. ముగ్గురాయిని, అంటే బెరైటీస్‌ను, పొడి కొట్టే ఆ మిల్లులో పొడిని పరీక్షించే చిన్న ల్యాబు ఉండేది, ఎండాకాలం మనిషి కావాలని వాళ్లే కబురు చేసి ఉన్నారు. అంటే పని అయిపోయినట్టే. మూడు మడతలు పెట్టి ఇస్తే చాలు.

సంతోషంగానే నా గదిలోకి వచ్చాను. వచ్చేసరికి అతను నా బల్లకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. నన్ను చూసి లేవలేదు కూడా, నవ్వుతూ ఏమన్నారన్నా అని అడిగాడు. అంతే జరిగింది. తిరుపతిలో క్లాసుల్లో, హాస్టల్లో అందరితో పాటు కూర్చుని కూర్చుని అతనికి అలవాటైపోయింది, ఎర్రటి ఎండలో బస్టాండు నుంచి నడిచివచ్చాడు, కుర్చీ కనబడితే కూర్చున్నాడు. మా ఊళ్లో మా అరుగు ముందు వాళ్ల నాయన ఏనాడూ కూర్చోలేదు, ఎంతసేపైనా తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడే మాట్లాడేవాడు. అది తప్పని నేను కాలేజీలో ఉపన్యాసాలిచ్చినవాణ్ణే, మా నాయనతో పోట్లాడినవాణ్ణే. అయినా ఆ కుర్చీ చూడగానే ఒళ్లంతా కారం రాసినట్టయింది. చీటీ చక్కగా రాశాను, సంతకం చేయించుకొచ్చాను, అతని ఎదుటే మడత మీద మడత పెట్టాను, మూడు అయ్యాక ఆగలేదు. నాలుగోది పెట్టి, గోటితో గీసి గట్టిగా అదిమి చేతికిచ్చాను. అతను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ రోజు చెయ్యి దానంతట అదే మడిచేసిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఛీ, చేతులు వాటంతట అవి ఏమీ చెయ్యవు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. కడపలో చాలా మర్యాద చేశారని, చల్లటి మజ్జిగ ఇచ్చారని, మేనేజరు ఊళ్లో లేడు కాబట్టి వచ్చే వారం రమ్మన్నారని చెప్పి, వాళ్లమ్మ నాకోసం పంపిన మొర్రిపండ్లు మోదుగాకు దొప్పలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అడవిలో పొద్దంతా తిరిగితే గానీ దొరకని పండ్లవి. అప్పటికి నా కోపం చల్లారిపోయింది, నిజానికి ఆ సాయంత్రమే చల్లారింది. ఇంకో కాగితం తీసి, పాత చీటీ నలిగిపోయిందిలే అని ఇంకోటి రాసి, సంతకం చేయించి, మూడు మడతలు పెట్టి ఇస్తే సరిపోయేది, అయిదు నిమిషాల పని. కానీ రెండో చీటీ ఎందుకని కడపవాళ్లు పెద్దాయనను అడిగితే? నేను చేసిన పని బయటపడితే? ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ముఖం ఎట్లా చూపించాలన్న భయం ఎక్కువైంది. ఆ మొర్రిపండ్లు తింటూ, ఇంకోసారి పోయి చూడమని చెప్పి పంపాను. ఇంకోసారీ పోయాడు, ఆ తర్వాత మరోసారీ పోయాడు. కర్నూలు నుంచి కడప అంటే నంద్యాల మీదుగా ఆ కాలం బస్సులో దాదాపు ఒక పూట ప్రయాణం, ఆ ఎండల్లో కిటికీలోంచి వచ్చే గాలికి ముఖం మాడిపోయేది. మూడోసారి వెళ్లాక ఇక నా దగ్గరికి రాలేదు.

మే నెలలో మా మేనత్త కూతురి పెళ్లికని ఊరికి పోతుంటే నందికొట్కూరు దాటాక బస్సు ఆగింది. రోడ్డుకు తారు వేస్తున్నారు. పొగ ఎంత దట్టంగా ఉందంటే ముందు మనిషిని గుర్తుపట్టలేదు, కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని తారు డబ్బా మోస్తున్న అతనే నన్ను గుర్తుపట్టి, డబ్బా దించి కిటికీ దగ్గరికి వచ్చాడు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. అతను మాత్రం ఏ కల్మషమూ లేకుండా నవ్వాడు. "చీటీ సంగతి తెలిసిందిలే అన్నా. నాలుగు మడతలుంటే పని కాదని అర్థమంట, మిల్లు కాడ వాచ్‌మన్ చెప్పినాడు. పెద్దాయన ఎట్ల చెప్తే నువ్వు అట్ల మడుస్తావు, నువ్వేం చేస్తావు పాపం. నాకోసం శానా పాటుపడినావు," అన్నాడు. కాదయ్యా, ఆయన మూడే పెట్టమన్నాడు, నాలుగోది నాదీ అని చెప్పడానికి నోరు తెరిచాను. బస్సు కదిలింది. బస్సు కదలడం వల్లే చెప్పలేకపోయానని ఎన్నోసార్లు అనుకున్నాను, కానీ ఆ బస్సు కదిలింది చాలాసేపటి తర్వాత.

అతను తిరుపతికి మళ్లీ పోలేదు. ఒక ఏడు రోడ్డు పనులు, ఒక ఏడు ప్రైవేటు ట్యూషన్లు, తర్వాత ఎప్పుడో బీఈడీ చేసి ఆత్మకూరు వైపు బళ్లలో సైన్సు అయ్యవారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చదువుకున్న బుర్రకు అది చాలా చిన్న ఉద్యోగమని ఆయన శిష్యులే అంటారు. అప్పట్లో ఆయన్ను నేను వాడు, వీడు అనేవాణ్ణి. ‘ఆయన’ అనడం వయసు మీద పడ్డాక గానీ నేర్చుకోలేదు. నేను కూడా మిల్లు వదిలి ప్రభుత్వ కొలువులో చేరి, ఇల్లు కట్టుకుని, పెద్దమనిషిని అనిపించుకున్నాను. పెద్దాయన పోయినప్పుడు ఇద్దరం ఒక ఆటోలోనే శ్మశానం దాకా పోయాం. దారిలో చీటీల మాట వస్తే, పెద్దోళ్ల మాటలు అంతేలే అన్నా, ఇప్పుడెందుకవి, అన్నాడాయన. అప్పుడూ నేను నిజం చెప్పలేదు. బతికి ఉండగా ఆ ముసలాయన చేయబోయిన ఒక మంచి పనిని చెడగొట్టి, చచ్చాక ఆ చెడ్డపేరు ఆయన నెత్తినే ఉంచాను. ప్రతి క్రిస్మస్‌కు ఆత్మకూరు నుంచి మా ఇంటికి కేకు, కజ్జికాయలు వస్తాయి. మా ఇంట్లో అందరికంటే ముందు వాటిని తినేది నేనే, లేకపోతే ఎందుకు తినలేదని మా ఇంటావిడ అడుగుతుంది.

ఇక మొన్నటి సంగతి. మనవరాలు పంపిన కవర్లకు ఏ జవాబూ రాలేదు. నాకు తెలిసినవాళ్లలో బతికున్నవాళ్లు తక్కువ, ల్యాబుల సంగతి తెలిసినవాడు ఆత్మకూరులోని ఆయనొక్కడే. మూడు రోజులు ఫోను చేతిలో పట్టుకుని, పెట్టి, పట్టుకుని, నీళ్లు నమిలాను. మా ఇంటావిడకు విసుగొచ్చి ఫోను లాక్కుని, "ఏమప్పా, మా పాపకు ఎండాకాలం ల్యాబులో పని కావల్లంట, నీ శిష్యులు ఎవరన్నా ఉండారా?" అని ఒక్క ముక్కలో అడిగేసింది. గంట తిరగకముందే ఆయన ఫోను. కడపలో నీళ్లూ మట్టీ పరీక్షించే ల్యాబు పెట్టిన శిష్యుడొకడు ఉన్నాడని, సోమవారం నుంచి రమ్మన్నాడని, సెలవుల్లో హాస్టల్ మూసేసినా ఉండటానికి తన చెల్లెలి ఇల్లు ఉందని, పిల్ల జాగ్రత్త తను చూసుకుంటానని, వదినా వదినా అంటూ మా ఇంటావిడకు చెప్పాడు. తర్వాత ఆమె ఫోను నాకిచ్చింది. నీకు శ్రమ ఇచ్చాం అన్నాను. "అంత మాట ఎందుకన్నా? ఆ పొద్దు పనికోసం నాకు చీటీ రాసిచ్చింది నువ్వు కాదా?" అన్నాడు.

నేను "ఆఁ" అన్నాను. నలభై ఏళ్లు దాటి ఇన్ని అవకాశాలు వచ్చి పోయాక, నా నోట వచ్చింది ఆ ఒక్క మాట. నిజం చెప్తే పిల్ల పని ఏమవుతుందోనన్న లెక్క ఒకటి అప్పుడు కూడా నా మనసులో మెదిలింది, దాచడం ఎందుకు. ఆయన అట్లాంటివాడు కాడని తెలిసి కూడా మెదిలింది.

మనవరాలు సోమవారం పొద్దున బస్సెక్కింది. మొదటి రోజే ఆ ల్యాబు యజమాని కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుని కంప్యూటరు చూశానని, ఆయనేమీ అనలేదని సాయంత్రం ఫోనులో చెప్పి నవ్వింది. ఈ కాలం పిల్లలకు ఎక్కడ కుర్చీ కనబడితే అక్కడ కూర్చోవడమే తెలుసు, ఎవరికి ఎవరి ముందు కూర్చునే హక్కు లేదో లెక్కలు వేసే మా రోజులు వాళ్లకు కథల్లా ఉంటాయి. అలా కూర్చున్నందుకు మా పిల్లకు జరగనిది, ఒకరికి జరిగింది, చేసింది నేను. వరండాలూ చీటీలూ పోయాయి, ఆ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెళ్లిళ్ల హాలు ఉంది, మజ్జిగ లోటాలు పోయి ఫోనులో చూద్దాంలెండి అనే మాట వచ్చింది. పోనీయండి, ఆ కాలం నాకు తిరిగి రాకపోతేనే మేలు. ఆ ఇరవై ఒక్కేళ్ల అబ్బాయికి మాత్రం ఆ రెండు నెలలు తిరిగి వస్తే బాగుండేది.

ఇది అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకుని ఆత్మకూరు బస్సెక్కుతాను. పోస్టులో పంపితే మడతలు పడతాయి, అందుకని నేనే చేతికిస్తాను. ఆయన లోపలికి పిలిచి కుర్చీ వేస్తాడు, ఆయన పద్ధతి నాకు తెలుసు. చివరి వాక్యం దాకా ఆయన చదివేవరకు నేను నిలబడే ఉంటాను.