రైసు మిల్లు ఇంట్లో షుగరు

ఆ రోజుల్లో షుగరు జబ్బంటే పంచదార డబ్బాతో తగాదా అనుకునేదాన్ని. డబ్బాకు మూత పెట్టేస్తే తగాదా తీరిపోతుందని నా నమ్మకం. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, పొన్నూరులో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ బాపట్లలో కొత్తగా గుమాస్తా ఉద్యోగం. తెనాలి డాక్టరుగారు పరీక్షల కాగితం చూసి, "షుగరొచ్చింది. మాత్రలు వేసుకోండి, తిండి మార్చండి. మూడు నెలల్లో దిగకపోతే ఇన్సులిన్ సూది మొదలుపెడదామమ్మా" అన్నారు. నాకు సూదంటే ప్రాణం పోయినంత పని (చిన్నప్పుడు బడిలో టీకాలు వేసే రోజున పుస్తకాల గదిలో గడియ పెట్టుకుని కూర్చున్న ఘనురాలిని). సూదో నేనో తేల్చుకుందామని అక్కడే శపథం చేశాను.

ఇక తీపి పేరెత్తితే కస్సుమనేదాన్ని. రేపల్లెలో మా పిన్ని కూతురి పెళ్ళిలో, నా ఆకులో వేసిన బూరెను తీసి పక్కనున్న మావయ్య ఆకులో పడేశాను. "ఒక్కటి తింటే ఏమవుద్దే?" అంది పిన్ని. "నా బదులు నువ్వు పొడిపించుకుంటావా సూది?" అని అందరి ముందూ అడిగాను. పిన్ని రెండు నెలలు మాట్లాడలేదు. మరి ఆ బూరె తీసేసిన ఖాళీలో ఏం వేయించుకున్నానంటారా? అన్నం! మా నాన్న పొన్నూరులో రైసు మిల్లులో పనిచేసేవారు. మా ఇంట్లో పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పచ్చడితో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం పెట్టుకోవాలి. ఏ విడత తగ్గినా ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే అంకె దిగకపోగా పెరిగింది. "మీ మిషన్ పాడైందండి!" అని బల్ల మీద కొట్టి మరీ అరిచాను.

"అన్నం ఎంత తింటారమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"అన్నానికీ దీనికీ ఏంటండి సంబంధం? అదేమన్నా తియ్యగా ఉంటుందా?"

"కడుపులోకి వెళ్ళాక అదీ చక్కెరే అవుతుందమ్మా. నన్ను నమ్మొద్దు. వేలికి గుచ్చి చూసుకునే మిషన్ కొనుక్కోండి. తిన్న రెండు గంటలకు మీరే చూసుకోండి. సూదికి ఇంకో నెల ఆగుతాను."

ఆయన తప్పని నిరూపించడానికే కొన్నాను (సూది తప్పించుకోవడానికి రోజూ సూది!). ఆదివారం నాలుగు విడతలూ తిని చూసుకుంటే అంకె ఆకాశంలో ఉంది, ఇంకో వేలికి గుచ్చి చూసినా అంతే. మర్నాడు అవే కూరలతో ఒక్క గరిటె అన్నం తిన్నాను. అంకె బాగా దిగింది. దాంతో డాక్టరుగారి మీది కోపమంతా అన్నం మీదికి మళ్ళింది.

ఆ వారంలోనే నాన్న నా కంచం చూశారు. "మిల్లులో చేసేవాడి కూతురివి, గింజలేరుకు తింటావేంటే? నలుగురూ నవ్వుతారు" అని, ఇంకో గరిటె వెయ్యమని అమ్మకు సైగ చేశారు. నేను కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను. వేడన్నం వేళ్ళ మీద పడింది, అయినా తియ్యలేదు. "నీ మిల్లు పరువు కోసం నేను పొడిపించుకోను నాన్నా."

"అరవయ్యేళ్ళుగా తింటున్నాను, నాకేమైందే?"

"అయితే రెండు గంటలాగి వేలివ్వు."

పౌరుషంగా ఇచ్చారు. వచ్చిన అంకె నా ఆదివారం అంకె కన్నా పెద్దది. నాన్న మిషన్‌ను తిప్పి చూసి, తువ్వాలుతో తుడిచి, "ఇది పాడైపోయిందే" అన్నారు. గెలిచానని నవ్వాల్సింది, నాకు ఏడుపొచ్చింది. మర్నాడే తెనాలి తీసుకెళ్ళాను. "అన్నానికీ దీనికీ ఏంటండి సంబంధం?" అని నాన్న కుర్చీలోంచి లేస్తుంటే, డాక్టరుగారు నావైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

నెల తిరిగేసరికి నా అంకె దారికొచ్చింది, అప్పటికి సూది తప్పింది. (రేపెప్పుడైనా కావాల్సొస్తే వేయించుకుంటాను. వేలికి గుచ్చుకుని గుచ్చుకుని ఆ భయం ఎప్పుడో పోయింది.) ఇప్పుడు నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని, కంచం నిండా కూర, ఒక్కో గరిటె అన్నం తింటాం. ఆయన అప్పుడప్పుడూ నాలుగు మెతుకులు ఎక్కువ పెట్టించుకుని దొంగచూపు చూస్తారు. అప్పుడు బల్ల మీద కొట్టి అరిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దాన్ని పిలిచి, "పోట్లాడవే, బాగా పోట్లాడు. ముందు ఆ గరిటె మాత్రం పక్కన పెట్టు" అని చెప్పాలనిపిస్తుంది.