మెట్లు దిగిన మనిషి

ఆరేళ్లుగా నా మొలతాడుకు ఒక తాళంచెవి వేలాడుతోంది. తూకం వేస్తే ఏమీ ఉండదు. అయినా మెట్లెక్కేటప్పుడు అది నన్ను కిందికి లాగుతుంది. పడుకుంటే పక్కలో గుచ్చుకుంటుంది. తీసి పక్కన పెట్టొచ్చు. పెట్టను. ఎందుకో ఇవాళ మీకు చెబుతాను.

ముందు ఒక మాట. నేను కోతలరాయుణ్ని. సూరత్‌లోని ఈ ఉధ్నాలో మా తెలుగువాళ్లలో ఎవరినడిగినా చెబుతారు. తాపీ వరదలో కొట్టుకుపోయిన నా సైకిల్‌ను మూడో రోజు ఒక పెద్ద చేప ఒడ్డుకు తోసిందనీ, గంట మాత్రం తన దగ్గరే ఉంచుకుందనీ చెబితే, మగ్గాల షెడ్డులో అంత మోతలోనూ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నవాళ్లున్నారు. ఎవరికీ నష్టం లేని కోతలు. అలా అనుకునేవాణ్ని. ఇప్పుడు చెప్పేది కోత కాదు. మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను, తప్పు నాదే.

పవర్‌లూమ్ ముందు ఇరవై ఏళ్లు నిలబడ్డాక నా మోకాళ్లు పోయాయి. సేఠ్ జాలిపడి తన గదులు చూసుకొమ్మన్నాడు. రెండంతస్తుల బిల్డింగు, పద్నాలుగు గదులు. అన్నిటికీ మారు తాళంచెవులు నా దగ్గర. పై అంతస్తు చివరి గదిలో పోసక్క ఉంటుంది. సిరిసిల్ల వైపు మనిషి. ఆమె భర్త రాజేశం నా పక్క మగ్గమే నడిపేవాడు. కుడికాలు కాస్త ఈడ్చి నడిచేవాడు. నేను చెప్పేది ఆరేళ్ల కిందటి మాట, ఆయన పోయి అప్పటికి ఏడాది. ఆమె గదిలోనే కూర్చుని ఫ్యాక్టరీ చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది. ఎప్పుడు చూసినా నేల నిండా చీరల కట్టలే.

ఆ మధ్యాహ్నం కింది గదివాళ్లు వచ్చి, కప్పులోంచి నీళ్లు కారుతున్నాయన్నారు. పోసక్క భేస్తాన్‌లో చుట్టాలింటికి వెళ్లింది. ఫోన్ చేయాల్సింది. నంబరు నా దగ్గరుంది. రెండు నిమిషాల పనికి ఫోనెందుకులే అనుకున్నాను. నిజంగా అంతేనా? లేక పద్నాలుగు తాళాలు నా చేతిలో ఉన్నాయన్న పొగరా? ఆరేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నాను. ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తుంది, రెండూ నిజంలాగే ఉంటాయి.

తలుపు తీశాను. కొళాయి కట్టేయడం మరిచిపోయింది. నీళ్లు సగం గది దాటి చీరల కట్టల దగ్గరికి వస్తున్నాయి. కొళాయి కట్టేసి, గబగబా చీరల కట్టలెత్తి మంచం మీద పెట్టాను. అవి తడిస్తే ఆమె పని పోతుంది. తుడవడానికి గుడ్డ కోసం వెతికితే మంచం కింద ఒక మూట దొరికింది. విప్పాను. అన్నీ ముక్కలు. నీలి గళ్లవి, తెల్లవి, ఒక చొక్కా కాలరు. సూరత్‌లో గుడ్డముక్కను చిందీ అంటారు. ప్రతి ఇంట్లో ఒక చిందీ మూట ఉంటుంది, స్టవ్వు తుడవడానికో నేల తుడవడానికో. మూట నిండితే బండివాడికి ఇచ్చేస్తారు. మా ఊళ్లో అయితే గుడ్డముక్క కనబడితే ఎవరిదని అడిగేవాణ్నేమో. ఇక్కడ ఇన్నేళ్లుండి, గుడ్డకు ఒక మనిషి ఉంటాడన్న సంగతే మరిచిపోయాను.

ఆ ముక్కలతోనే నేలంతా తుడిచాను. పిండుతూ తుడిచాను. అంతలో కింద చిందీ బండివాడి కేక వినబడింది. తలుపుకు తాళం వేసి, తడి మూటను భుజాన వేసుకుని మెట్లు దిగి బండిలో పడేశాను. బండివాడు వెనక నుంచి ఏదో అడిగాడు. తిరిగి చూడలేదు. ఎంత సాయం చేశానో అని మురిసిపోతున్నాను. పోసక్క గదిలోకి సముద్రమే వచ్చిందనీ, నేను ఈదుకుంటూ వెళ్లి చీరలను ఒడ్డుకు చేర్చాననీ అప్పుడే కథ అల్లుకుంటున్నాను.

మర్నాడు పొద్దున ఆమే కిందికి వచ్చింది. నేను మెట్ల పక్కన కుర్చీలో కూర్చున్నాను.

"తమ్మీ, జర మెల్లగ మాట్లాడు. నా రూంల మూట వోయింది."

"ఏం మూటక్కా? చీరలా?"

"చీరలన్నీ ఉన్నయ్. మీ బావ అంగీలు వోయినయ్. దినాలనాడు అన్నీ ఇచ్చెయ్యాలె గదా. నేను నాలుగు దాసుకున్న. సచ్చినోని బట్టలు ఇంట్ల వెట్టుకున్నదని తిడ్తరని ముక్కలు జేసి పెట్టిన. బొంత కుట్టుకుందమని. ఎవ్వలకు జెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ ఆమె ఆగలేదు.

"దొంగోడైతే చీరలిడిశిపెట్టి చిందీ ఎత్కపోతడా? తాళం ఏసినట్టే ఉన్నది. నేల అద్దం లెక్క తుడిశి ఉన్నది. చీరలు మంచమెక్కినయ్. కింద వెట్టకే, తడుస్తయని మీ బావ ఎన్నిసార్లు ఒర్రేటోడు! నిజం జెప్పు తమ్మీ, ఎవలన్న అచ్చిన్రా?"

అప్పుడు నా నోరు తన పని తాను చేసుకుపోయింది.

"నిన్న పగటీలి ఒకాయన మెట్లు దిగిండక్కా. నీలిగళ్ల అంగీ. భుజం మీద మూట. ఎవలయ్యా అంటె తిరిగి సూడలే. కాలు జర ఈడ్సుకుంట వోయిండు."

పోసక్క మెట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"సలి వెడ్తున్నట్టున్నది పిచ్చోనికి. అడిగితె నేనే ఇద్దును గదా."

ఆ నవ్వు చూశాక నిజం ఎలా చెప్పాలి? చెప్పాల్సింది. సరిగ్గా అప్పుడే చెప్పాల్సింది. దానికి బదులు ఆ సాయంత్రం బండివాడిని పట్టుకుని వడోద్ దాకా, వాడు మూటలు దింపే గోదాముకు వెళ్లాను. గుడ్డల గుట్టలు. నీలిగళ్ల ముక్కలు వందల కొద్దీ దొరికాయి. ఏది రాజేశందో పోల్చుకోలేకపోయాను. ఏదైతేనేం అని ఒక పిడికెడు తెచ్చాను కూడా. గేటు దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసింది. పారేశాను. ఆ రోజే ఆ తాళంచెవిని గుత్తిలోంచి తీసి మొలతాడుకు కట్టుకున్నాను. మళ్లీ ఆ తలుపు తీయలేదు.

ఆ తర్వాత ఆమె ఆ కథ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. కాళ్లకు చెప్పులున్నాయా? చిక్కిపోయాడా? అడిగిన ప్రతిసారీ కాస్త కలిపాను. చెప్పులు కొత్తవన్నాను. ఒళ్లు చేశాడన్నాను. ఆమె మొహం వెలిగేది. దుఃఖం తగ్గిస్తున్నాను కదా, ఇందులో పాపమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పాపమేమిటో ఈ ఏడాది తెలిసింది. ఆమె కూతురు భివండీలో ఉంటుంది. మనవడికి రెండేళ్లు. పోసక్క వాణ్ని ఫోన్‌లో తప్ప చూడలేదు. రమ్మంటే వెళ్లదు. ఈ తలుపైతే ఆయనకు తెలుసు, తను వెళ్లిపోతే ఎక్కడని వెతుకుతాడు అంటుంది. మధ్యాహ్నం పూట గడియ కూడా పెట్టదు. పోయిన నెల కూతురు స్వయంగా వచ్చి, మూడు రోజులుండి, ఒక్కతే తిరిగి వెళ్లింది. గేటు దగ్గర ఆగి, "మామా, నీ మాటైతె ఇంటది. నువ్వన్న జెప్పరాదు" అంది.

నా మాటే వింటుంది. వినబట్టే కదా ఇదంతా.

అప్పటి నుంచి రెండుసార్లు మెట్లెక్కాను. రెండుసార్లూ నేను నోరు తెరిచేలోపే, ఆ రోజు ఆయన ఏ వైపు వెళ్లాడని అడిగింది. రెండుసార్లూ నా నోరు స్టేషన్ వైపని చెప్పింది. నా నోటి మీద నాకు నమ్మకం పోయింది. చేతి మీద ఇంకా కాస్త ఉంది. తెగిన పోగును ముడేసిన చెయ్యి ఇది, తెగలేదని ఎన్నడూ బొంకలేదు. అందుకే రాస్తున్నాను. పోసక్కకు చదువు రాదు. రేపు ఈ కాగితం పట్టుకుని మెట్లెక్కి, ఉన్నది ఉన్నట్టు చదవగలనేమో. చదవలేనేమో కూడా. మీరు నన్ను క్షమించకండి. క్షమిస్తే ఆమె క్షమించాలి, ఆమెకింకా తెలియదు.

నేను చెప్పిన కథలో కొన్ని నిజాలున్నాయి. పట్టపగలు. భుజం మీద మూట. పిలిస్తే తిరిగి చూడకపోవడం. నా మోకాళ్ల పుణ్యమా అని ఆ కాలు ఈడ్వడం కూడా.

ఆ రోజు మెట్లు దిగింది నేను.